పాపంపేట జనాభా లెక్క కోసం సెన్సస్ హ్యాండ్‌బుక్ తెరిస్తే

అనంతపురం శివారులోని పాపంపేటలో ప్లేస్కూలు పెట్టాలనుకుంటున్న మా చెల్లెలు, "అన్నా, అక్కడ చిన్నపిల్లలు ఎంతమంది ఉంటారో కాస్త లెక్క తీసి చెప్పు" అని అడిగింది. నేను తొందరపడి, డబ్బు కట్టి, ఒక ప్రైవేటు వెబ్‌సైటు నుంచి 'ఏరియా రిపోర్టు' తెప్పించాను. ఈ ఏటి జనాభా అంటూ అందులో ఒకట్ల స్థానం దాకా కచ్చితంగా వేశారు గానీ, అది 2011 నాటి అంకెను ఏటా ఒకే శాతం చొప్పున పెంచుకుంటూ పోయిన గుణకారమేనని క్యాలిక్యులేటరు పట్టుకోగానే తేలిపోయింది. పురుషులు, స్త్రీలు, పిల్లలు అందరూ ఒకే శాతంలో పెరిగే ఊరు ఎక్కడైనా ఉంటుందా?

ఆ తరువాత తెరిచినదే జనగణన శాఖవారి సైటులో ఉచితంగా దొరికే 2011 అనంతపురం జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్. దీనిలో రెండు భాగాలున్నాయి: మొదటి దానిలో ఊళ్లు, పట్టణాల సౌకర్యాల వివరాలు, రెండవ దానిలో జనాభా పట్టికలు. మా పనికి రెండవదే ముఖ్యం. పాపంపేట, కక్కలపల్లి, నారాయణపురం వంటివి అనంతపురం నగరపాలక సంస్థలో భాగంగా కాక, సెన్సస్ టౌన్లుగా విడిగా కనిపిస్తాయి. అంటే మునిసిపాలిటీ లేకపోయినా కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పురుషులైన ప్రధాన పనివారిలో (అంటే ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని ఉన్నవారిలో) కనీసం 75 శాతం మందికి వ్యవసాయేతర జీవనం ఉన్న ఊళ్లని అర్థం. టమోటా మార్కెట్టుతో మనకు తెలిసిన కక్కలపల్లిని ఈ పట్టికలో పట్టణంగా చూడటం మొదట కొంచెం వింతగానే అనిపిస్తుంది.

అంకెల నాణ్యత గురించి చెప్పాలంటే, కుటుంబాల సంఖ్య, స్త్రీ పురుషుల సంఖ్య, 0–6 ఏళ్ల పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, అక్షరాస్యులు, పనివారు, ఇలా ఒక్కో వరుసలో ఇంత సమాచారం మరెక్కడా దొరకదు. అయితే అక్షరాస్యత శాతం లెక్కగట్టేటప్పుడు మొత్తం జనాభాతో భాగించకూడదు. ఏడేళ్లు నిండనివారిని తీసివేసి భాగించాలి. వెయ్యి మందిలో వంద మంది పసివాళ్లు, 630 మంది అక్షరాస్యులు అనుకుంటే, సరైన జవాబు 63 కాదు, 70 శాతం. ఈ పొరపాటు పత్రికల్లోనూ చూస్తుంటాము. ఇక పనివారి వర్గీకరణ శివారు ప్రాంతాలకు అంతగా అక్కరకు రాదు. సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమల్లో పనిచేసేవారు పోగా మిగిలిన ఉపాధ్యాయుడు, ఆటో డ్రైవరు, కిరాణా వ్యాపారి అందరినీ 'ఇతర పనివారు' అన్న ఒకే గంపలో వేశారు. ఇటువంటి ఊళ్లో ఎక్కువమంది ఉండేది ఆ గంపలోనే.

అసలు ఇబ్బంది కాలానిది. ఈ పట్టికలు 2011 మార్చి 1 నాటి స్థితిని చూపుతాయి. ఆ రోజు 0–6 గడిలో ఉన్న పిల్లలు ఇప్పుడు ఇంటర్‌లో, డిగ్రీలో ఉన్నారు కనుక, మా చెల్లెలు ఆ అంకెను నమ్ముకుంటే ప్లేస్కూలు కాదు, కాలేజీ పెట్టాలి. 2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా మళ్లీ ఖరారైంది. అంతవరకు ఊరికి సంబంధించిన అధికారిక జనాభా లెక్క ఇదొక్కటే. జిల్లా కూడా అప్పటిది కాదు. 40,81,148 మంది అన్న జిల్లా మొత్తంలో 2022లో విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లా ప్రాంతం కూడా కలిసే ఉందన్నది గుర్తుంచుకోవాలి.

ఊరి స్వభావం తెలుసుకోవడానికి నేను దీనికి అయిదుకు నాలుగు ఇస్తాను. ఈనాటి గిరాకీ అంచనాకు మాత్రం రెండు మించి ఇవ్వలేను. పిల్లల సంగతికి మా చెల్లెలు చివరకు రెండు అంగన్‌వాడీ కేంద్రాలకు వెళ్లి, అక్కడి టీచర్లతో మాట్లాడి, వీధి వీధీ తిరిగి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉంది.