నెట్‌వర్క్‌మేనేజర్: అత్త మీద కోపం దుత్త మీద

లైనక్స్ డెస్క్‌టాప్‌లో వైఫై తెగిందంటే తిట్లు పడేది కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ప్రోగ్రామ్‌కే. ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌లలో ఏళ్లుగా వాడాక తేలిందేమిటంటే, చాలాసార్లు తప్పు దానిది కాదు, దాని కింద ఉన్న డ్రైవర్‌దో, కార్డులో నడిచే ఫర్మ్‌వేర్‌దో, బ్యాటరీ ఆదా చేసే పవర్‌సేవ్‌దో.

పవర్‌సేవ్ సంగతే ముందు. పేజీలు బాగానే తెరుచుకుంటాయి, పింగ్ (సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం) మాత్రం ఒకసారి 3 మిల్లీసెకన్లు, మరోసారి 200. ఉబుంటులో పవర్‌సేవ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఈటీసీ కింద నెట్‌వర్క్‌మేనేజర్ ఫోల్డర్, అందులో కాన్ఫ్-డీలో ఉన్న పవర్‌సేవ్ ఫైల్ తెరిచి, 3 ఉన్నచోట 2 పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి. ఆఫ్ అనుకుని 0 పెట్టేవాళ్లు ఎక్కువ. ఆఫ్ అంటే 2. ఈ అంకెలు పెట్టినవాళ్లకో దండం.

అసలు కార్డే కనిపించకపోతే వైఫై ఆపేసి ఉందేమో చెప్పే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కమాండ్ కొట్టి చూడండి. సాఫ్ట్ బ్లాక్ అయితే అన్‌బ్లాక్ కమాండ్ చాలు. హార్డ్ బ్లాక్ అయితే ల్యాప్‌టాప్ స్విచ్చో, బయాసో చూడాలి, ఏ కమాండూ పనిచేయదు. రెండూ లేకపోతే లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదన్న లైను కోసం వెతకండి. డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ వస్తోంది కాబట్టి ఈ బాధ తగ్గింది.

రియల్‌టెక్ యూఎస్‌బీ డాంగిల్స్‌తో జాగ్రత్త. బయటి డ్రైవర్‌ను డీకేఎంఎస్ అనే సాధనంతో వేసుకుంటే కెర్నల్ మారిన ప్రతిసారీ అది మళ్లీ కంపైల్ కావాలి. అందుకు కావాల్సిన కెర్నల్ హెడర్స్ ఫైళ్లు లేకపోతే కంపైల్ ఆగిపోతుంది, రీబూట్ తర్వాత వైఫై మాయం. 8822బీయూ చిప్‌కు కెర్నల్ 6.2 నుంచి లోపలి డ్రైవరే ఉంది, దాన్నే వాడండి. డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పాడవుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరిపితే సరి.

నెట్‌వర్క్‌మేనేజర్‌ను నిజంగా తప్పుపట్టాల్సిన చోటు ఒకటుంది. డ్రైవర్ టైమవుట్ అయినా సరే, పాస్‌వర్డ్ తప్పన్నట్టు మళ్లీ మళ్లీ అడుగుతుంది. సరైన పాస్‌వర్డ్‌నే పదిసార్లు కొట్టే బదులు జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో నెట్‌వర్క్‌మేనేజర్ లాగ్ చదవండి, అసలు కారణం అక్కడ దొరుకుతుంది.

నెట్‌వర్క్‌మేనేజర్ వెనక ఉండి వైఫైకి లాగిన్ చేసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ బదులు అదే పని చేసే ఐడబ్ల్యూడీ పెడితే కనెక్షన్ చురుగ్గా అందుతుంది. రెండూ ఒకేసారి నడిస్తే మాత్రం కార్డు కోసం కొట్టుకుంటాయి. యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యే కాలేజీ, ఆఫీస్ వైఫైలకు ఐడబ్ల్యూడీలో ఫైల్ చేత్తో రాసుకోవాలి, అక్కడ సప్లికెంటే నయం.