బెంగళూరులో అద్దెకు తీసుకున్న బైపాప్: మూడు నెలల వాడకం తరువాత

మా అమ్మ జీవితంలో ఒక్క బీడీ అయినా ముట్టలేదు. కానీ మదనపల్లె దగ్గరి మా ఊళ్ళో నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదిన ఫలితంగా ఆమెకు సీవోపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయి ఊపిరాడని దీర్ఘకాలిక జబ్బు) వచ్చింది. నవంబరులో ఇక్కడి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, 35 నుంచి 45 మధ్య ఉండవలసిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో 68 ఉన్నట్లు ఏబీజీ పరీక్షలో (ధమని నుంచి రక్తం తీసి అందులోని వాయువులను కొలిచేది) తేలింది. ఇంటికి పంపేటప్పుడు ప్రతి రాత్రీ బైపాప్, అంటే మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసే యంత్రం, పెట్టాలని డాక్టరుగారు రాసి ఇచ్చారు. కొనే ముందు వాడి చూద్దామని మారతహళ్ళి ప్రాంతంలో వైద్య పరికరాలు అద్దెకిచ్చే ఒక దుకాణానికి వెళ్ళాము. నెలకు 5,000 రూపాయల అద్దె, 10,000 డిపాజిట్టు.

దుకాణంలో మొదటి మాటే తేడాగా వచ్చింది. "సీపాప్ తీసుకోండి మేడమ్, తక్కువలో వస్తుంది, రెండూ ఒకటే" అన్నారు. రెండూ ఒకటి కావు. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ నిద్రలో ఊపిరి ఆగిపోయేవారి కోసం రూపొందించిన సీపాప్, గొంతు మూసుకుపోకుండా ఒకే ఒత్తిడితో గాలిని పంపుతుంది. బైపాప్ పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. అమ్మకు రాసినవి 14, 6. ఈ రెంటి మధ్య ఉన్న 8 సెంటీమీటర్ల నీటి ఒత్తిడే అలసిపోయిన ఛాతీ కండరాల బరువును కొంత తాను మోసి, లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపేది. ఆక్సిజన్ మిషను ఒక్కటే చాలదా అని అడిగే బంధువులకూ ఇదే జవాబు: ఇటువంటి రోగులకు ఆక్సిజన్ మితిమీరితే కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరుగుతుంది, అందుకే వేలికి పెట్టే ఆక్సిమీటరులో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం చాలునంటారు.

యంత్రం విషయంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు. చప్పుడు ఫ్యాను కన్నా తక్కువ. మా వీధిలో రెండు భవనాలు లేస్తున్నందువల్ల ఫిల్టరు పది రోజులకే నల్లబడింది, అది యంత్రం తప్పు కాదు. బ్యాటరీ లేకపోవడం మాత్రం లోటే. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడుపుతున్నాము. నీళ్ళు వేడిచేసే భాగాన్ని ఆపితే ఎక్కువసేపు వస్తుంది.

అసలు కష్టమంతా మాస్కుతోనే. సామాను దించడానికి వచ్చిన మనిషి మాస్కు తగిలించి, స్విచ్ వేసి, సంతకం తీసుకుని పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. అమ్మ రాత్రి పళ్ళ సెట్టు తీసి గిన్నెలో పెడుతుంది. అప్పుడు బుగ్గలు లోపలికి పోయి, పగలు సరిగ్గా సరిపోయిన మాస్కు అంచుల నుంచి కళ్ళలోకి గాలి కొట్టేది. పట్టీలు బిగించాము, ముక్కు దూలం మీద ఎర్రగా కమిలింది. మూడో రోజు ఇంకో ప్రమాదం తప్పింది. మాస్కు ముందు భాగంలోని చిన్న రంధ్రాల నుంచి గాలి పోతున్నదని చూసి, మా పెద్దమ్మ పాపం మంచి మనసుతోనే వాటి మీద ప్లాస్టర్ అతికించింది. వదిలిన గాలి బయటికి పోవలసిన దారి అదే; అది మూస్తే రోగి తాను వదిలిన గాలినే మళ్ళీ పీల్చవలసి వస్తుంది. ఆ పది నిమిషాల్లో చెప్పవలసిన మొదటి మాట ఇదేనని నా అభిప్రాయం.

నాలుగుసార్లు ఫోను చేశాక వేరే కుర్రాడు వచ్చాడు, హిందూపురం వాడు. పళ్ళ సెట్టు తీయించి, పడుకోబెట్టి, అప్పుడు కొలత తీసి ఒక సైజు చిన్న మాస్కు పెట్టాడు. "అవ్వా, గాలితో కొట్లాడొద్దు. అది తోస్తాంటే పీల్చు, తగ్గితే వదులు" అని చెప్పి అరగంట పక్కనే కూర్చున్నాడు. ఆ రాత్రి అమ్మ ఐదు గంటలు పెట్టుకుంది. డిసెంబరు చలికి గొట్టంలో నీరు చేరి గుడగుడలాడితే, ఫోనులోనే ఉపాయం చెప్పాడు: యంత్రాన్ని మంచం కన్నా కిందికి దించి, గొట్టానికి పాత నూలు చీర చుట్టమన్నాడు. ఆగిపోయింది.

వాడిన యంత్రం కొనేవారికి ఒక మాట. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ, చప్పుడు తగ్గించే స్పాంజి పొడిగా రాలవచ్చన్న కారణంతో లక్షలాది యంత్రాలను వెనక్కి పిలిచింది. కనుక ఆ కంపెనీ యంత్రమైతే తయారీ తేదీ, సీరియల్ నంబరు చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

మొన్నటి ఏబీజీలో 68 కాస్తా 51కి దిగింది, అమ్మ పొద్దున్నే తలనొప్పి అనడం మానేసింది. యంత్రానికి ఐదుకు నాలుగు ఇస్తాను. దుకాణానికి మూడు, అందులో రెండు ఆ హిందూపురం కుర్రాడివి.