మన తర్వాత వ్యాపారం ఎవరిది? కంపెనీ, రైతుల సంఘం, ట్రస్టు: ఏది మేలు

ఎంవీపీ కాలనీ రైతుబజార్ దగ్గర కనిపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. చిరుధాన్యాల బిస్కెట్లు చేసే ఆవిడ అడిగారు. జనపనార సంచులు కుట్టించే కుర్రాడు అడిగాడు. మొన్న సింహాచలం మెట్లు ఎక్కుతూ, ఆయాసం మధ్యలో కూడా ఒకాయన అడిగాడు: "మంచి ఉద్దేశంతో మొదలుపెట్టాం. మన తర్వాత కూడా అది అలాగే ఉండాలంటే వ్యాపారాన్ని ఏ రూపంలో పెట్టుకోవాలి?" పోయిన ఏడాది ఉగాదికి నేను ఆ పని ముగించాను కాబట్టి నన్నడగడం సబబే. జీఎస్టీ, రిజిస్ట్రేషన్ ఫీజులు మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్ళను.

ముందు మా సంగతి. అనకాపల్లి జిల్లాలో చెరకు కొని, గానుగ ఆడించి, హైడ్రోస్ వెయ్యకుండా బెల్లం వండించి విశాఖలో అమ్ముతాం. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. పాకంలో అది పడితే రంగు తేలిపోయి దిమ్మ పసుపు పచ్చగా మెరుస్తుంది, మార్కెట్లో ఆ మెరుపుకే ధర. మేం బెండకాడల జిగురు వేసి తెట్టు తీస్తాం, పొయ్యిలోకి చెరకు పిప్పే. అందుకని మా దిమ్మ ముదురు గోధుమ రంగులో ఉంటుంది. దాన్ని నల్లబెల్లం అని మాత్రం పైకి అనం. సారా బట్టీల పుణ్యమా అని, ఆ మాట వింటే చెక్‌పోస్టులో వ్యాను పక్కన పెట్టించేస్తారు.

రెండేళ్ళ కిందట బెంగళూరు నుంచి పెట్టుబడి పెడతామని ఒక సంస్థవాళ్ళు వచ్చారు. 51 శాతం వాటా అడిగారు. మర్యాదస్తులే. బీచ్ రోడ్డులో కాఫీ తాగుతుండగా వాళ్ళలో ఒకాయన, "రంగు కొంచెం తేలిస్తే సూపర్‌మార్కెట్లలో బాగా పోతుంది సార్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. 51 శాతం కొన్నవాడికి ఆ మాట అనే హక్కు ఉంది, మర్నాటి నుంచి అలా వండించే హక్కు కూడా ఉంది. టెన్షన్ అంతా అక్కడే మొదలైంది.

అప్పటినుంచి ఏ రూపం చూసినా నేను అడిగేది రెండే ప్రశ్నలు. దీన్ని అమ్మే హక్కు ఎవరిది? దీని నియమం మార్చే హక్కు ఎవరిది? లాభం ఎవరికి ఎంత అన్నది ఆ తర్వాతి మాట.

విశాఖవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో 100 శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో కూర్చున్నవాళ్ళ గొడవంతా ఇదే: అమ్మడానికి మీరెవరు? చట్టం దగ్గర దానికి జవాబు సులువు. వాటాదారు కేంద్రమే. 'ఆంధ్రుల హక్కు' నినాదంలో ఉంది గానీ వాటాల రిజిస్టర్లో లేదు. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, రిజిస్టర్ మాత్రం మారలేదు. ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ సంగతీ అంతే. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1978లో మెక్‌డొవెల్‌లో కలిసి, 1997లో ఎల్‌జీ కెమ్ చేతికి వెళ్ళింది. ఇన్ని చేతులు మారినా ఊరిని అడగాలన్న అవసరం ఏ కాగితంలోనూ రాలేదు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ అనే విషవాయువు కమ్ముకున్నది మాత్రం ఆ ఊరినే.

మొదట నా మనసు ట్రస్టు మీదికే పోయింది. టాటా కంపెనీల మాతృసంస్థ టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం టాటా ట్రస్టుల చేతిలో ఉందని అందరికీ తెలుసు. జర్మనీలో బాష్ కంపెనీ మూలధనంలో దాదాపు 94 శాతం ఒక ధర్మసంస్థది, కటకాలు చేసే జైస్ కంపెనీని పట్టుకున్న ఫౌండేషన్ అయితే 1889 నాటిది. మనమూ ఆ దారిలో పోదామని ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తే ఆయన నవ్వారు. ధర్మాదాయ ట్రస్టు ప్రైవేటు కంపెనీ షేర్లు పట్టుకుని కూర్చుంటే మన ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు పోతుందట. 1973 జూన్ 1 నాటికే మూలనిధిలో ఉన్న షేర్లకి మాత్రం ఆ అడ్డు లేదు. "ఈ పని మీ తాతగారు చేసి ఉండాల్సింది" అన్నారు. కుటుంబ ట్రస్టు పెట్టుకోవచ్చు, కానీ అది కలకాలం నడవదు. ఇప్పుడు బతికున్నవాళ్ళ ఆయుష్షు, ఆ పైన పుట్టిన బిడ్డకి మైనారిటీ తీరేవరకు, అంతే. పైగా ట్రస్టీలు మన పిల్లలే అయినప్పుడు వాళ్ళని అడ్డుకునేది ఎవరు?

సేవ కోసం పెట్టే సెక్షన్ 8 కంపెనీలో డివిడెండే, అంటే లాభం పంచుకోవడమే ఉండదు. బడికో ఆసుపత్రికో సరిపోతుంది, బెల్లం వ్యాపారానికి కాదు. ఎల్‌ఎల్‌పీ అంటే భాగస్వాముల బాధ్యతకి హద్దు ఉండే భాగస్వామ్య సంస్థ, ఇద్దరు నమ్మకస్తులున్నప్పుడు చవక, తేలిక. ఆ నమ్మకం ఉన్నంతవరకే.

ఇక అసలు పోటీ రెండింటి మధ్యే. మొదటిది ప్రొడ్యూసర్ కంపెనీ, అంటే ఉత్పత్తిదారులే యజమానులుగా ఉండే కంపెనీ. పది మంది ఉత్పత్తిదారులుంటే పెట్టుకోవచ్చు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు, షేర్లని బయటివాళ్ళకి అమ్మడం కుదరదు. అంటే బెంగళూరు ఆయన బీచ్ రోడ్డు దాకా రావాల్సిన పనే ఉండదు. మన విశాఖ డెయిరీ ఈ పద్ధతిలోనిదే. అరకు కాఫీ రైతులది దీనికి దగ్గరి చుట్టం, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెట్టుకున్న సొసైటీ. అమ్మే హక్కు అన్న ప్రశ్నకి ఇంతకన్నా గట్టి జవాబు మన చట్టంలో ఇంకోటి నాకు కనిపించలేదు.

నేనూ దాదాపు దీనికే సిద్ధపడ్డాను. మునగపాక దగ్గర మాకు చెరకిచ్చే రైతులందరినీ కూర్చోబెట్టి, మిల్లు మీ పేరనే పెడదాం అన్నాను. సంతోషించారు. హైడ్రోస్ మాట ఎత్తేసరికి ఒక పెద్దాయన లేచాడు. "బాబూ, పచ్చబెల్లానికి ధర ఎక్కువొస్తంటే నల్లగా వండమంటారు. ఆ తేడా ఎవులిస్తారు?" చేతులెత్తమంటే ఎక్కువ చేతులు ఆయన వైపే లేచాయి. వాళ్ళనీ తప్పు పట్టలేను. ఎరువుల బాకీ, కూలీ, పిల్లల ఫీజులు వాళ్ళ నెత్తిమీద ఉన్నాయి, నా నెత్తిమీద కాదు. కానీ నా రెండో ప్రశ్నకి ఆ రోజు జవాబు దొరికింది. రైతుల చేతిలో మిల్లు భద్రంగా ఉంటుంది, హైడ్రోస్ వెయ్యకూడదన్న నియమం భద్రంగా ఉండదు. పాలు, కాఫీ లాంటి చోట్ల మంచి సరుక్కే మంచి ధర వస్తుంది కాబట్టి ఈ చిక్కు తక్కువ. మీది అలాంటి సరుకైతే ఇక ముందుకు చదవక్కర్లేదు, ప్రొడ్యూసర్ కంపెనీకే వెళ్ళండి.

మేం చివరికి ప్రైవేట్ లిమిటెడ్‌గానే ఉండిపోయాం, కాకపోతే తాళం వేసుకున్నాం. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 5 ప్రకారం, కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో కొన్ని నిబంధనలని నాలుగింట మూడొంతుల ఓట్లతో చేసే ప్రత్యేక తీర్మానంతో కూడా మార్చలేనంత గట్టిగా బిగించుకోవచ్చు. మూడు ప్రత్యేక షేర్లు సృష్టించాం. ఒకటి రైతుకి, ఒకటి వంట పనివాళ్ళలో ఒకరికి, ఒకటి మొదటినుంచీ మా బెల్లమే కొంటున్న ఒక రిటైర్డ్ లెక్చరర్ గారికి. వాటికి లాభంలో వాటా లేదు. సగానికి మించి వాటా అమ్మాలన్నా, పాకంలో రసాయనం వెయ్యాలన్నా, పొయ్యిలో పిప్పి బదులు ఇంకేదైనా కాల్చాలన్నా, అసలు ఈ నిబంధనలే మార్చాలన్నా ముగ్గురూ ఒప్పుకోవాలి. వాళ్ళలో ఎవరు తప్పుకున్నా ఆ షేరు ముఖ విలువకే, మిగతా ఇద్దరూ ఎంచుకున్న మనిషికి వెళ్తుంది. ఆలోచన నాది కాదు. 2022 సెప్టెంబరులో అమెరికాలో పాటగోనియా బట్టల కంపెనీ ఓటు హక్కున్న 2 శాతం షేర్లని ఒక ట్రస్టుకి, ఓటు లేని 98 శాతం ప్రకృతి కోసం పనిచేసే సంస్థకి ఇచ్చేసింది. ఓటుని, లాభాన్ని విడదీయొచ్చని అది చూశాకే తట్టింది.

దీని కష్టాలూ చెప్పాలి. నడుస్తున్న ప్రైవేటు కంపెనీలో ఇలాంటి తాళం వెయ్యాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి. మా తమ్ముడి సంతకానికి ఎనిమిది నెలలు పట్టింది. "రేపు నా పిల్లలకి అవసరమొస్తే వాటా ఎవడు కొంటాడు అన్నయ్యా?" అన్నాడు. దానికి ఇప్పటికీ నా దగ్గర మంచి జవాబు లేదు, ధర తగ్గుతుందన్నది నిజం. బెంగళూరువాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. అప్పు తీర్చకపోతే మాత్రం తాకట్టు పెట్టిన మిల్లు దగ్గర ఏ వీటో పనిచెయ్యదు, బ్యాంకు వచ్చి తీసుకుపోతుంది. అందుకే అప్పు తక్కువ ఉన్నప్పుడే ఈ పని చేసుకోవాలి.

సమాజానికీ పర్యావరణానికీ మేలు చేసే కంపెనీలకిచ్చే బీ కార్ప్ లాంటి సర్టిఫికెట్ల గురించి కూడా అడుగుతున్నారు. ప్యాకెట్ మీద బాగుంటుంది, కొత్త యజమాని వద్దనుకుంటే తీసేస్తాడు. లాభంలో 2 శాతం సమాజ సేవకి ఖర్చు పెట్టాలన్న సీఎస్ఆర్ గొడవ నికరలాభం 5 కోట్లు దాటేలాంటి పెద్దవాళ్ళది, మనది కాదు. డైరెక్టర్లు ఉద్యోగులనీ, సమాజాన్నీ, పర్యావరణాన్నీ చూసుకోవాలని చట్టంలో సెక్షన్ 166 ఇప్పటికే చెబుతోంది. చదివినవాళ్ళు తక్కువ.

మొన్న సంక్రాంతికి అరిసెల కోసం ఒక మిఠాయి దుకాణం పెద్ద ఆర్డరు ఇచ్చింది. మా దగ్గర సరుకు చాల్లేదు. అనకాపల్లి మార్కెట్లో పచ్చబెల్లం కొని కాస్త కలిపేద్దాం, ఈ ఒక్కసారికే అన్నాను నేనే. కలిపినా రసాయనం వేసినట్టే లెక్క అని వంటమనిషి ఒప్పుకోలేదు. లెక్చరర్ గారు ఆర్టికల్స్ కాపీ తెచ్చి నా ముందు పెట్టారు. ఆర్డరు పోయింది.