సినిమా సీన్ల జిఫ్‌లకు స్క్రీన్‌టుజిఫ్: చాలాకాలం వాడాక నా మాట

సినిమా సీన్లలోంచి జిఫ్‌లు చేయడం కోసం ఇన్నేళ్లలో నా కంప్యూటర్‌లోకి వచ్చి పోయిన సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. చివరికి నిలబడింది స్క్రీన్‌టుజిఫ్, తెర మీద ఆడేదాన్ని రికార్డ్ చేసి జిఫ్‌గా మార్చేది. దానికి తోడుగా అవసరాన్ని బట్టి జిఫ్‌లు కట్టే జిఫ్‌స్కీ, వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఉచితం కాబట్టి అంటిపెట్టుకున్నాననుకోకండి, ఉచితంగా దొరికేవి వీధికి పది ఉన్నాయి. దీని ఎడిటర్ నచ్చింది, అదీ సంగతి. రికార్డ్ చేసిన ముక్కలోని ఫ్రేములన్నీ కింద వరసగా పేర్చి, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీసెకన్లు నిలబడుతుందో రాసి మరీ చూపిస్తుంది. అక్కర్లేనివి ఎంచి డిలీట్ కొట్టడమే. జిఫ్ పండుతుందా తేలిపోతుందా అనేది ముప్పావు వంతు ఆ కోతలోనే ఉంటుంది కాబట్టి మిగతా హంగుల సంగతి నాకు తర్వాతే.

వాడటం తేలిక. రికార్డర్ తెరిస్తే మధ్యలో ఖాళీగా ఉన్న చట్రం వస్తుంది. దాన్ని వీడియో ఆడుతున్న చోటికి జరిపి ఎఫ్7 నొక్కితే రికార్డింగ్ మొదలు, ఎఫ్8 నొక్కితే ఆగుతుంది. వెంటనే ఎడిటర్‌లోకి తీసుకెళ్తుంది. నేనైతే రికార్డ్ చేసేముందు సీన్ ఎక్కడ మొదలవ్వాలో చూసుకుంటాను. యూట్యూబ్‌లో వీడియోను పాజ్‌లో పెట్టి కీబోర్డు మీద కామా నొక్కితే ఒక ఫ్రేము వెనక్కి, ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక ఫ్రేము ముందుకి వెళ్తుంది. ఈ రెండు మీటలు తెలిస్తే సగం టైం మిగులుతుంది. రికార్డింగ్‌లో మాత్రం ముందూ వెనకా కాస్త ఎక్కువే తీసి ఎడిటర్‌లో చెక్కుకోవడం మంచిది.

ఫ్రేముల లెక్క ఒకసారి అర్థమైతే సెట్టింగుల గోల సగం తగ్గుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. జిఫ్‌లో ప్రతి ఫ్రేమూ ఎంతసేపు ఉండాలనేది సెకనులో నూరో వంతుల్లోనే చెప్పాలి, అంటే పదేసి మిల్లీసెకన్ల లెక్కన. 24 ఫ్రేముల సినిమాకు ఒక్కో ఫ్రేము దాదాపు 41.7 మిల్లీసెకన్లు పడుతుంది, అది ఈ కొలతలో ఇమడదు. నేను సెకనుకు 12 ఫ్రేములు పట్టి, ఒక్కోదాన్ని 80 మిల్లీసెకన్లుగా మారుస్తాను. అసలుకంటే నాలుగు శాతం వేగం పెరుగుతుంది, కంటికి ఆనదు. ఎడిటర్‌లో ఫ్రేములన్నిటి ఆలస్యాన్ని, అంటే ఒక్కోటి నిలబడే సమయాన్ని, ఒకేసారి మార్చే వీలుంది కాబట్టి రికార్డింగ్‌లో కంప్యూటర్ ఎక్కడైనా తడబడి ఒక ఫ్రేముకు 60, ఇంకోదానికి 110 పడినా అన్నిటినీ సమానం చేసేయొచ్చు. ఇంకో తమాషా: బాగా స్పీడ్‌గా తిరగాలని ఆలస్యాన్ని 10 మిల్లీసెకన్లకు తగ్గించారనుకోండి, చాలా బ్రౌజర్లు దాన్ని 100గా లెక్కేసి నత్తనడకన నడిపిస్తాయి.

సైజు లెక్క కూడా చెప్తాను. 480 పిక్సెళ్ల వెడల్పు, 270 ఎత్తు అంటే ఫ్రేముకు 1,29,600 పిక్సెళ్లు. మూడు సెకన్లకు 36 ఫ్రేములు. పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున కుదించకముందే దాదాపు 47 లక్షల బైట్లు, అంటే నాలుగున్నర ఎంబీ పైమాటే. దీన్ని జిఫ్ తన పాతకాలపు పద్ధతిలో కుదిస్తుంది. ఒకే రంగు పక్కపక్కనే ఉన్నచోట, ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ తేడా లేని చోట బాగా తగ్గుతుంది. కెమెరా కదిలిందా, తగ్గదు. నీళ్లు, వాన, కాన్ఫెట్టి, వెయ్యిమంది డాన్సర్లు ఉన్న పాట, హీరో వెనక పేలే జీపులు, ఇవన్నీ సైజును తినేస్తాయి. కెమెరా కదలకుండా ఒకే మొహం మీద నిలబడిన క్లోజప్ దొరికితే పండగే.

బ్రహ్మానందం జిఫ్ లేని తెలుగు వాట్సాప్ గ్రూపు ఉండదంటే అతిశయోక్తి కాదు. ఆయన హాస్యం గొప్పదనే మాట సరే, జిఫ్‌లు చేసేవాడిగా నాకు ఇంకో కారణం కనిపిస్తుంది. ఆయన షాట్లు చాలావాటిలో కెమెరా కదలదు, మొహం తెర నిండా ఉంటుంది, రెండు సెకన్లలోపే మొహంలో ఒక భావం పోయి ఇంకోటి వస్తుంది. మాట లేకుండానే విషయం తెలుస్తుంది. అదే పంచ్ డైలాగ్ సీన్ తీసుకోండి. థియేటర్లో ఈలలు పడిన డైలాగ్ కూడా జిఫ్‌లో పెదాలు కదిలే బొమ్మ అయిపోతుంది, శబ్దం లేదు కదా. అందుకే నేను డైలాగ్ చెప్పినవాడిని వదిలేసి విన్నవాడి మీద కట్ చేస్తాను. మన కామెడీ సీన్లలో పంచ్ పడగానే ఎదుటివాడి రియాక్షన్ షాట్ దాదాపు ఖాయం. ఆ షాట్ మొదటి ఫ్రేములో మొహం మామూలుగా ఉంటుంది, నాలుగైదు ఫ్రేముల తర్వాత కళ్లు మారతాయి, తర్వాత నోరు. ఆ మామూలు మొహం కనీసం అర సెకనైనా ఉంచాలి. తొందరపడి దాన్ని కోసేస్తే మార్పు కనబడదు, మార్పు లేకపోతే నవ్వు రాదు. చివర్లో కళ్లార్పడం గానీ తల తిప్పడం గానీ మొదలయ్యే ముందే ఆపేయాలి. ఈ పని ఫ్రేములు కళ్ల ముందు లేని సాఫ్ట్‌వేర్లలో చేయడం నరకం. సెకన్లలో మొదలు, చివర టైప్ చేయమంటాయి, చేసి చూస్తే ఒక ఫ్రేము అటో ఇటో అయివుంటుంది.

రంగుల విషయానికి వస్తే, జిఫ్ 1987లో కంప్యూసర్వ్ అనే కంపెనీ తెచ్చిన ఫార్మాట్. ఒక్కో ఫ్రేముకు 256 రంగులకు మించి పట్టవు. ఇప్పటి సినిమాలన్నీ పొగ, దుమ్ము, సాయంత్రపు నారింజ వెలుగు, అందులోంచి నడిచొచ్చే హీరో. ఆ ఆకాశంలో ఒక నారింజలోంచి ఇంకో నారింజలోకి వేల ఛాయలుంటాయి. 256లోకి కుదిస్తే మెట్లుమెట్లుగా చారలు పడతాయి. చారలు పోవడానికి చుక్కలు చల్లితే సైజు పెరుగుతుంది, పైగా ఆ చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారుతూ బుసబుసలాడతాయి.

ఇక్కడే పాత సినిమాల గొప్పదనం తెలిసింది. నలుపు తెలుపు బొమ్మకు మామూలు వీడియోలో ఉండే ఛాయలు 256 లోపే. అంటే ‘మాయాబజార్’ 1957 నాటి అసలు ప్రింటులోంచి ఏ సీన్ తీసుకున్నా రంగుల పరంగా జిఫ్‌లో పోయేదేమీ లేదు. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే పట్టిన వెలుగునీడలు ఉన్నవున్నట్టు దిగుతాయి. 2010లో రంగులద్దిన ప్రింటుతో ఆ సౌకర్యం పోతుంది. ‘వివాహ భోజనంబు’ పాటలో లడ్డూలు వాటంతట అవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్లే చోటు చూడండి, జిఫ్ కోసమే తీశారేమో అనిపిస్తుంది. నోరు తెరిచిన ఫ్రేము దగ్గర మొదలుపెట్టి, మళ్లీ నోరు తెరిచే ఫ్రేముకు ఒకటి ముందు ఆపితే అతుకు దాదాపు తెలియదు, ఘటోత్కచుడు తింటూనే ఉంటాడు. స్క్రీన్‌టుజిఫ్‌లో స్మూత్ లూప్ అని ఒకటుంది, మొదటి ఫ్రేమును పోలిన ఫ్రేము ముందెక్కడుందో వెతికి ఆ తర్వాతది కోసేస్తుంది. ఇలాంటి సీన్లలో పర్వాలేదు, కానీ నేను ఇప్పటికీ చేత్తోనే చూసుకుంటాను. అదే సినిమాలో ‘లాహిరి లాహిరి’ పడవ షాట్లు మాత్రం జిఫ్‌కు లొంగవు. నీళ్లమీద వెన్నెల మెరుపులు ప్రతి ఫ్రేములోనూ మారిపోతాయి మరి. పాత ప్రింట్లతో ఇంకో చిక్కు, ఫిల్మ్ గింజ. నిలకడగా ఉన్న గోడ కూడా సన్నగా అల్లాడుతూ సైజు పెంచుతుంది. ఆ గింజను నునుపు చేసే డీనాయిజ్ కొంచెం వాడితే సర్దుకుంటుంది. మరీ వాడితే రంగారావు మొహానికి మైనం పూసినట్టవుతుంది.

సేవ్ చేసే చోట స్క్రీన్‌టుజిఫ్ బోలెడన్ని ఎన్‌కోడర్లు, అంటే ఫ్రేముల్ని జిఫ్ ఫైలుగా కట్టేవి, చూపించి కొత్తవాళ్లను కంగారు పెడుతుంది. సొంతదుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది, జిఫ్‌స్కీ ఉంది. ఈ చివరి రెండూ విడిగా దించుకోవాలి. రంగుల సినిమాకు జిఫ్‌స్కీని మించింది నాకు దొరకలేదు. ఫ్రేము ఫ్రేముకూ రంగుల పట్టిక మార్చుకుంటూ, ముందు ఫ్రేములోని రంగుల్ని కూడా వాడుకుంటూ 256 కంటే చాలా ఎక్కువ రంగులున్నట్టు చూపిస్తుంది. మొహాలు మొహాల్లా ఉంటాయి. కాకపోతే సైజు బరువు. సైజు ముఖ్యమైనప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో పాలెట్‌జెన్, పాలెట్‌యూజ్ అనే రెండు ఫిల్టర్లు వాడతాను. ముందు ఆ సీన్‌కు తగిన రంగులు ఏరుతుంది, తర్వాత వాటితో గీస్తుంది. చుక్కల పద్ధతిగా బేయర్ ఎంచుకుంటే చుక్కలు క్రమంగా, కదలకుండా పడతాయి, కాస్త మోటుగా ఉన్నా సైజు బాగా తగ్గుతుంది. నలుపు తెలుపుకైతే ఈ తతంగమేదీ అక్కర్లేదు. అప్పటికీ బరువనిపిస్తే చివర్లో జిఫ్‌సికిల్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో, కొంత నాణ్యత వదులుకునే లాసీ ఆప్షన్ పెట్టి ఒక రౌండు వేస్తే ఇంకొంత దిగుతుంది.

తెలుగు అక్షరాల గురించి చెప్పకపోతే ఈ సమీక్ష దండగ. జిఫ్ మీద తెలుగులో మాట వేయాలంటే స్క్రీన్‌టుజిఫ్‌లో క్యాప్షన్ పెట్టె ఉంది. విండోస్‌లో ఉన్న ఏ తెలుగు ఫాంటైనా ఎంచుకోవచ్చు, ఒత్తులు సరిగ్గా పడతాయి, అక్షరం చుట్టూ నల్లటి అంచు కూడా పెట్టుకోవచ్చు. రామభద్ర ఫాంటు లావుగా ఉండి చిన్న సైజులో కూడా చదవొస్తుంది. మండలి లాంటి సన్నటి ఫాంట్లు 480 పిక్సెళ్లలో వత్తులు కలిసిపోయి మసకబారతాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో నేరుగా అక్షరాలు గీసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌తో మాత్రం జాగ్రత్త. 2023 చివర్లో వచ్చిన 6.1 వెర్షన్‌కు ముందు దానికి మన లిపి కూర్చడం రాదు. ‘బ్రహ్మాండం’ అని రాస్తే క్రావడి ఒకచోట, మ ఒత్తు ఇంకోచోట విడివిడిగా పడి చదివేవాడికి టెన్షన్ వస్తుంది. పాత వెర్షనే ఉంటే మాటను సబ్‌టైటిల్ ఫైలుగా రాసి సబ్‌టైటిల్ ఫిల్టర్‌తో వేయండి, అది సరిగ్గా గీస్తుంది. రంగుల లెక్కలో తెల్లటి అక్షరం, నల్లటి అంచు అన్నిటికంటే చవక.

స్క్రీన్‌టుజిఫ్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. విండోస్ తప్ప ఇంకెక్కడా నడవదు. మ్యాక్ వాళ్లకు జిఫ్‌స్కీకే ఉచిత యాప్ ఉంది, వీడియో ఫైలు చేతిలో ఉంటే అది చాలు. స్క్రీన్‌టుజిఫ్ ప్రతి ఫ్రేమునూ విడి బొమ్మగా తాత్కాలిక ఫోల్డర్‌లో దాస్తుంది. పెద్ద తెరను నిమిషంపాటు రికార్డ్ చేస్తే సి డ్రైవ్‌లో చోటు కరిగిపోతుంది. పాత ప్రాజెక్టులు వాటంతట అవి చెరిగిపోయేలా సెట్టింగ్ ఉంది, మొదటిరోజే ఆన్ చేసుకోండి. తెర మీద ఆడుతున్నదాన్ని పట్టడమే దీని పద్ధతి కాబట్టి అసలు ఫైలులోని ఫ్రేములు అన్నీ వరసగా వస్తాయన్న గ్యారంటీ లేదు, మధ్యలో ఒకే ఫ్రేము రెండుసార్లు పడొచ్చు. ఎడిటర్‌లోని రిమూవ్ డూప్లికేట్స్ దాన్ని చూసుకుంటుంది. ఈ లోపాలేవీ ఫోన్ యాప్‌లతో పోల్చదగ్గవి కావు లెండి. నేను వాడిన ఒక యాప్ అయితే ప్రతి సేవ్‌కూ ముప్పై సెకన్ల ప్రకటన చూపించి, చివర్లో మూలన తన పేరు ముద్ర కొట్టి ఇచ్చేది.

సీన్లు ఎక్కణ్నుంచి తేవాలన్నది అందరూ అడిగేదే. ఓటీటీలో రికార్డ్ చేయబోతే చాలాసార్లు నల్లతెర వస్తుంది, అది కాపీ రక్షణ. నేను దానితో కుస్తీ పట్టను. నిర్మాణ సంస్థలు, ఆడియో కంపెనీలు వాళ్ల చానళ్లలో పెట్టిన ట్రైలర్లు, పాటలు, కామెడీ సీన్లే కావలసినన్ని ఉన్నాయి. సొంత వాడకం, విమర్శ, సమీక్ష లాంటివాటికి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఉంది. ఆ చట్టం కూడా 1957దే, ‘మాయాబజార్’ వయసే దానికీ. మొదటి షోలో ఫోన్ ఎత్తి హీరో ఎంట్రీ తీసి జిఫ్ చేసేవాళ్లను మాత్రం నేను వెనకేసుకురాను. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా థియేటర్లో రికార్డ్ చేస్తే కనీసం మూడు నెలల జైలు, మూడు లక్షల రూపాయల జరిమానా నుంచి మొదలవుతుంది. పైగా ఆ వీడియోలో సగం ముందు సీటువాడి తలకాయే ఉంటుంది.

చివరగా, ఇంత కష్టపడి చేసినదాన్ని వాట్సాప్‌లో పంపితే అది దాన్ని శబ్దంలేని వీడియోగా మార్చి ఆడిస్తుంది. కాబట్టి కేవలం వాట్సాప్ కోసమే అయితే రంగుల పట్టికలతో తలబాదుకోవడం అనవసరం. స్క్రీన్‌టుజిఫ్‌లోనే కోసి ఎంపీ4గా సేవ్ చేయండి, ఫోన్‌లో పంపేటప్పుడు జిఫ్ బటన్ నొక్కండి, సైజూ తక్కువ, రంగులూ పోవు. నిజమైన జిఫ్ ఫైలు అవసరమయ్యేది ఈమెయిళ్లలో, ఆఫీసు ప్రెజెంటేషన్లలో, పాత తరహా వెబ్‌సైట్లలో. కదిలే స్టిక్కర్ కావాలంటే మాత్రం 512 పిక్సెళ్ల చదరం, 500 కేబీలోపు, వెబ్‌పీ ఫార్మాట్ అని వాట్సాప్ షరతు. వెడల్పాటి తెర సినిమాల్లో రెండు పక్కలా కోసేయాల్సి వస్తుంది గానీ, పాత సినిమాల చట్రం చదరానికి దగ్గరగా ఉంటుంది కనుక రంగారావు లడ్డూతో సహా ఇమిడిపోతాడు.