టిఫా స్కాన్: డాక్టరమ్మకి ఐదు స్టార్లు, కౌంటర్‌కి రెండే

ఐదో నెల నడుస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. విజయనగరంలో ఓ ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో టిఫా, అంటే కడుపులో బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే స్కాన్, చేయించుకున్నాను. పేరు రాయడం లేదు, మిగతా చోట్లకి వెళ్లినవాళ్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. ఫోన్లో టైమ్ ఇస్తారు, తీరా వెళ్తే టోకెన్ అంటారు, ఆ టోకెన్లూ వరసలో నడవవు, ఫలానా డాక్టర్ పంపారంటూ మధ్యలో ఎవరో ఒకరు దూరిపోతూనే ఉంటారు. చీపురుపల్లి వైపు నుంచి కోడల్ని తీసుకొచ్చిన పెద్దావిడ ఒకరు "ఏటమ్మా, ఇంకా పిలవరేటి?" అని అడుగుతూనే ఉంది, కౌంటర్లో తలెత్తిన పాపాన పోలేదు. ఐదు నెలల కడుపుతో ఆ ప్లాస్టిక్ కుర్చీలో అంతసేపంటే నడుం పట్టేస్తుంది. ఈ స్కాన్‌కి పరగడుపు అక్కర్లేదు, శుభ్రంగా తిని వెళ్లండి. ఆధార్ జిరాక్స్ మర్చిపోకండి. గర్భిణి స్కాన్‌కి చట్టప్రకారం నింపే ఫారం ఎఫ్ మీద సంతకం పెట్టాలి. ఆడా మగా అని మాత్రం అడక్కండి, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం చెప్పడం నేరం, నా ముందు అడిగినావిడకి గోడ మీద బోర్డు చూపించారు.

లోపలికి వెళ్లాక ఆ విసుగంతా పోయింది. డాక్టరమ్మ స్క్రీన్ నావైపు తిప్పి తల, గుండెలో నాలుగు గదులు, వెన్నెముక, కిడ్నీలు, కాళ్లూ చేతులూ, ఉమ్మనీరు అన్నీ ఒక్కొక్కటే చూపించారు. మా బిడ్డ ముడుచుకుని పడుకోవడంతో వెన్ను సరిగా కనపడలేదు, "కాస్త అటూ ఇటూ తిరిగి రామ్మా" అని పంపి మళ్లీ చూశారు, దానికి వేరే డబ్బులు తీసుకోలేదు. హడావుడిగా అంతా బాగుందని రాసి పంపేసే రకం కాదు. అన్ని లోపాలూ ఈ స్కాన్‌లో దొరకవనీ, గుండెకి సంబంధించినవి కొన్ని తర్వాతే బయటపడొచ్చనీ ఆవిడే చెప్పారు. నాకింకా కదలిక తెలియడం లేదని టెన్షన్ పడుతుంటే, మాయ (ప్లాసెంటా) ముందువైపు ఉంటే ఆలస్యంగా తెలుస్తుంది, తొలి కాన్పు కదా, 20 వారాలు దాటినా ఫర్వాలేదన్నారు.

18 నుంచి 22 వారాల లోపే చేయించుకోండి. ఏదైనా పెద్ద లోపం కనిపిస్తే మిగతా పరీక్షలకీ, ఆలోచించుకోడానికీ టైమ్ ఉండాలి, 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే చట్టప్రకారం మెడికల్ బోర్డు (డాక్టర్ల కమిటీ) దాకా వెళ్లాలి.

మళ్లీ కౌంటర్ దగ్గరే చెడింది. రిపోర్టులో మాయ కిందికి, గర్భసంచి ముఖద్వారానికి దగ్గరగా ఉందని రాసి ఉంది, దాని గురించి ఒక్క ముక్క చెప్పకుండా కవరు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి మా అత్తమ్మకి చెప్తే ఇక మంచం దిగొద్దన్నారు. మా గైనకాలజిస్టు చూసి, ఈ టైమ్‌లో చాలామందికి ఇలాగే ఉంటుంది, గర్భసంచి పెరిగేకొద్దీ ఎక్కువమందిలో పైకి జరుగుతుంది, 32 వారాలప్పుడు మళ్లీ చూద్దాం, ఈలోపు రక్తం కనిపిస్తే మాత్రం ఆ క్షణమే రమ్మన్నారు. కాబట్టి మీ డాక్టరు సాయంత్రం ఉండే రోజే స్కాన్ పెట్టుకోండి, రిపోర్టుతో నేరుగా అక్కడికే వెళ్లిపోవచ్చు.

తర్వాత 24, 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ టెస్టు ఉంటుంది. దానికి ఇంత దూరం రానక్కర్లేదు, ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత చెకప్ ఉంటుంది, మీ ఆశా కార్యకర్తని అడగండి.