విన్‌రార్: పదేళ్లు ఊరికే వాడి, ఆ తర్వాత కొన్నాను

గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న డీటీపీ షాపు. 2009లో మొదటి సిస్టమ్ అసెంబుల్ చేసిన కుర్రాడే, ఫైళ్లను కుదించి ఒక్క ఫైలుగా (ఆర్కైవ్‌గా) కట్టే సాఫ్ట్‌వేర్ విన్‌రార్ కూడా వేసిచ్చాడు. దాన్ని కొనాలన్న ఆలోచనే అప్పట్లో రాలేదు.

పనితనానికి వంక పెట్టలేను. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ ఫైలు ఎక్కదు కాబట్టి, ఆల్బం పేజీలను ముక్కలు చేసి ఎక్కించి ప్రెస్సులో మళ్లీ కలిపేవాళ్లం. నాకు బాగా నచ్చింది మాత్రం రికవరీ రికార్డు. ఆర్కైవ్ చేసేటప్పుడే అక్కడ టిక్కు పెడితే, తర్వాత ఫైలు కొంత పాడైనా రిపేరు చేసుకోవచ్చు. గీతలు పడ్డ డీవీడీ నుంచి ఒక పెళ్లి ఆల్బం అలాగే దక్కింది. పెళ్లికూతురి నాన్నగారు అప్పటికే కాలం చేశారు. ఆయన ఫొటోలు వాళ్ల దగ్గర ఇంకో కాపీ లేవు.

ఇక డబ్బు సంగతి. ట్రయల్ 40 రోజులే, ఆ తర్వాత వాడాలంటే లైసెన్సు కొనాలని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. గడువు దాటినా పని ఆగదు, కొనమని గుర్తు చేస్తుందంతే. ఆగలేదు కాబట్టి ఫ్రీ అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

2019లో ఏస్ అనే ఇంకో రకం ఆర్కైవ్ ఫైళ్ల ద్వారా వైరస్ ఎక్కించే లోపం ఇందులో 19 ఏళ్లుగా ఉందని బయటపడింది. 5.70 వెర్షన్‌లో సరిచేశారు. విన్‌రార్ దానంతటది అప్‌డేట్ కాదు, అదే దీని పెద్ద లోటు. మాది ఏ వెర్షనో చూద్దామని తెరిస్తే, అంతకుముందు ఫార్మాట్ చేసినతను పాత క్రాక్ (లైసెన్సు కొనకుండానే కొన్నట్టు చూపించే దొంగ కాపీ) వేసిపోయాడని తెలిసింది. "సాఫ్ట్‌వేర్ చార్జీలు" అని అయిదొందలు తీసుకున్నాడు కూడా. అందులో ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు పైసా చేరలేదు. మా శుభలేఖ ప్రూఫును ఫోన్‌లో ఫొటో తీసుకుని వేరే చోట కొట్టించుకునే పార్టీలు మాకూ తగులుతుంటారు. ఆ కడుపుమంట నాకు తెలుసు.

ట్రయల్ కాపీ ఇంకొకరికి ఇవ్వడం మాత్రం తప్పు కాదు. 1982లో జిమ్ నాఫ్, ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అమెరికాలో ముందు వాడి చూసి తర్వాత డబ్బు కట్టే ఈ పద్ధతి మొదలుపెట్టిందే అలా: పదిమందికీ పంచండి, నచ్చితే డబ్బు పంపండి. విన్‌రార్ ట్రయల్‌ను కూడా ఏమీ మార్చకుండా ఎవరికైనా ఇవ్వొచ్చు. క్రాకులు, లైసెన్సు కీలు మాత్రం జతచేయకూడదు.

ఆ నెలలోనే లైసెన్సు కొన్నాను. ఒక్కసారి కడితే చాలు, ఏటా కట్టే పని లేదు. కీ ఫైలు మెయిల్‌లో వచ్చింది. వచ్చిన ఫైళ్లు విప్పుకోవడమే మీ పనైతే ఉచితంగా దొరికే 7-జిప్ సరిపోతుంది, ఇది కొనక్కర్లేదు. రార్ ఫైళ్లు తయారుచేసి దాని మీద సంపాదిస్తుంటే మాత్రం కొనండి. పెళ్లిళ్ల సీజన్ అడ్వాన్సులు రాగానే మా రెండో సిస్టమ్‌కూ తీసుకున్నాను.