మూడు నెలలు స్టీరింగ్, మళ్లీ ప్యాడ్: ఆర్కేడ్ రేసులకు ఏది మేలు?

సింగరాయకొండలో ఉండే మా చిన్నాన్న కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. "అన్నా, నీ దగ్గర స్టీరింగ్ ఉంది కదా. నన్నూ కొనమంటావా, లేకపోతే మంచి ప్యాడ్ ఒకటి తీసుకుని ఊరుకోమంటావా?" అని. స్టీరింగ్ అంటే కార్ల వీడియో గేములు ఆడటానికి బల్లకు బిగించుకునే చక్రం, ప్యాడ్ అంటే రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్లతో ఆడే కంట్రోలర్. వాడు ఆడేవి ఫోర్జా హొరైజన్ 5, నీడ్ ఫర్ స్పీడ్ లాంటి రేసులు. గోడకు కొట్టుకున్నా బండి మళ్లీ పరుగెత్తే ఆటలు, ఆర్కేడ్ రేసులంటే ఇవే. టైరు వేడి, పెట్రోలు బరువు లెక్కలు వేసుకునే సిమ్యులేటర్ల జోలికి వాడు పోడు.

"ప్యాడ్ కొను" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే అయిపోయేది. కానీ నేను మాత్రం రాత్రి అన్నం తిన్నాక స్టీరింగ్ ముందే కూర్చుంటానని వాడికి తెలుసు. నేను చేసేది ఒకటి, చెప్పేది ఒకటి అనుకుంటాడు. అందుకే ఆదివారం ఒంగోలు రమ్మన్నాను. రెండూ ఆడి చూసుకుని నువ్వే తేల్చుకో అన్నాను.

నా దగ్గరున్నది లాజిటెక్ జీ29. 2015లో వచ్చిన మోడల్. వాడినది కొన్నాను. ఈ కొస నుంచి ఆ కొసకు 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరుగుతుంది. లోపల రెండు మోటార్లు, గేర్లు ఉంటాయి. బండి జారినా, గుంతలో పడినా ఆ మోటార్లే చక్రాన్ని లాగి మన చేతికి తెలియజేస్తాయి. కింద మూడు పెడల్స్. ప్లగ్ పెట్టగానే తనంతట తనే అటూ ఇటూ గిర్రున తిరిగి మధ్యకొచ్చి ఆగుతుంది. మా అమ్మ మొదటిసారి అది చూసి "ఎవరు తిప్పార్రా దాన్ని?" అని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

కొన్న మొదటి వారం నాకు ఏడుపొక్కటే తక్కువ. ప్యాడ్‌తో ఆడేటప్పుడు పన్నెండు బండ్ల రేసులో మొదటి మూడు స్థానాల్లో ఎక్కడో ఒకచోట ఉండేవాణ్ణి. స్టీరింగ్ పెట్టాక ఏడు, ఎనిమిది. మలుపు దాటాక బండి నేరుగా రాదు, కుడికీ ఎడమకీ ఊగుతూనే ఉంటుంది. ఒక బటన్ నొక్కితే ఆట కొద్దిసేపు వెనక్కి తిరుగుతుంది కదా, ఆ బటన్ మీదే నా బతుకంతా గడిచింది.

తప్పు నా చేతిది అనుకున్నాను. కొంత నిజమే, కానీ అసలు కారణం వేరే ఉంది. ప్యాడ్ మీద బొటనవేలు ఆడే పుల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడానికి రెప్పపాటు కూడా పట్టదు. ఆ కుదుపును ఉన్నదున్నట్టు బండి చక్రాలకు అందిస్తే గంటకు 200 కిలోమీటర్ల వేగంలో బండి అక్కడికక్కడే తిరగబడుతుంది. అందుకని ఆట మధ్యలో దూరి సర్దుతుంది. వేగం పెరిగేకొద్దీ చక్రాలు తిరిగే కోణం తగ్గిస్తుంది. వేలి విసురును మెత్తబరుస్తుంది. మనం బాగా నడుపుతున్నాం అనుకుంటాం గానీ, సగం డ్రైవింగ్ ఆటే చేస్తుంటుంది. స్టీరింగ్ పెట్టగానే ఆ సాయం చాలావరకు పోతుంది. మన చేయి ఎంత తిప్పితే అంత. ఆటేమో బొటనవేలి కోసం తయారైంది. హ్యాండ్‌బ్రేక్ వేసి తోక విసిరి, వెంటనే ఎదురు తిప్పి నిలబెట్టుకోవడం దాని ప్రాణం. అది వేలితో చిటికెలో అయిపోతుంది. 900 డిగ్రీల చక్రంతో చేయాలంటే, బిందె పడేసి బావిలో గిలక తిప్పినట్టే.

చెన్నైలో ఓ మాల్‌కు వెళ్లినప్పుడు ఈ చిక్కుకు దారి దొరికింది. ఇంటివాళ్లు బట్టల కొట్లో ఉంటే నేను గేమ్ జోన్‌లో దూరాను. అక్కడి రేసింగ్ మెషిన్‌లో కూర్చుని స్టీరింగ్ తిప్పితే, ముప్పావు చుట్టు కూడా లేదు. ఈ కొసన టక్కున తగిలి, ఆ కొసన టక్కున తగిలి ఆగిపోతోంది. చేతులు పట్టుకున్న చోటి నుంచి కదపాల్సిన పనే లేదు. అప్పుడు వెలిగింది. ఆర్కేడ్ రేసు పుట్టిందే స్టీరింగ్‌తో కదా! 1974లో అటారీ తెచ్చిన గ్రాన్ ట్రాక్ 10 పెట్టెకే స్టీరింగ్, గేర్ రాడ్, పెడల్స్ ఉన్నాయి. 1986లో సెగా అవుట్‌రన్ పెద్ద మోడల్ అయితే కూర్చున్న సీటే ఒరిగేది. అవుట్‌రన్ లాంటి వాటివి పొట్టి తిరుగుడు చక్రాలు. ఆట ఇళ్లలోకి వచ్చాక ప్యాడ్‌కు తగ్గట్టు మారింది. స్టీరింగులేమో నిజం కార్లను పోలుతూ రెండున్నర చుట్లకు పోయాయి. రెండూ చెరో దారి పట్టాయి, మధ్యలో నాలాంటి వాడు ఇరుక్కున్నాడు.

ఇంటికొచ్చి లాజిటెక్ సాఫ్ట్‌వేర్‌లో 900ను 270కి దించాను. అంటే మధ్య నుంచి ఒక్కో వైపుకు 135 డిగ్రీలు. ఆటలో స్టీరింగ్‌ను సిమ్యులేషన్ నుంచి మామూలుకు మార్చాను. మధ్యలో ఉండే డెడ్‌జోన్, అంటే చక్రం కాస్త కదిపినా ఆట పట్టించుకోని జాగా, సున్నా చేశాను, మోటార్ల లాగుడు కాస్త తగ్గించాను. పది నిమిషాల పని. ఆ రాత్రి నాలుగో స్థానం వచ్చింది. ప్యాడ్ అంత కాదు, కానీ ఊగులాట పోయింది. స్టీరింగ్ కొని, బాగోలేదని నెలకే అమ్మకానికి పెట్టేవాళ్లలో చాలామంది ఈ ఒక్క అంకె మార్చి ఉండరని నా అనుమానం.

ఇంకోటి కెమెరా. బండి వెనక నుంచి చూస్తూ స్టీరింగ్ తిప్పితే, ముందుపోయే బొమ్మకారును దారం కట్టి లాగినట్టుంటుంది. ప్యాడ్‌కు ఆ చూపే బాగుంటుంది. స్టీరింగ్‌కు లోపలి చూపు కావాలి, కనీసం బానెట్ మీది చూపన్నా. లోపలి చూపులో, ఫోర్జా హొరైజన్ 5 జరిగే మెక్సికో పల్లెల మధ్య, గ్వానహ్వాటో ఊరి కింది సొరంగాల్లో రేసూ పోటీ ఏమీ లేకుండా ఊరికే తిరుగుతుంటే మాత్రం ప్యాడ్ దగ్గరికి కూడా రాదు. యాక్సిలరేటర్ మీద కాలు అరంగుళం ఎత్తితే ఇంజిన్ మోత దిగుతుంది. మట్టిరోడ్డు ఎక్కగానే చేతిలో గరగర. గెలవాలని లేనప్పుడు స్టీరింగ్, గెలవాలనుకున్నప్పుడు ప్యాడ్. మూడు నెలల తర్వాత నా ఇంట్లో తేలిన లెక్క ఇది. ఆన్‌లైన్‌లో వేరేవాళ్లతో ఆడే రోజున నేను ఇప్పటికీ ప్యాడే తీస్తాను, సిగ్గేమీ లేదు.

ఇక నేల సంగతి. ఇది ఏ రివ్యూలోనూ చెప్పరు. మా ఇంట్లో గచ్చు చీమకుర్తి గ్రానైట్, నల్లది, చుక్కలది. చుట్టుపక్కల చాలా ఇళ్లలో అదే. అద్దంలా ఉంటుంది. జీ29 పెడల్స్ కింద పళ్లలాంటివి బయటికొస్తాయి, కార్పెట్‌ను పట్టుకోవడానికి. మన ఇళ్లలో కార్పెట్ ఎక్కడిది? బ్రేకు పెడల్ లోపల రబ్బరు ముక్క ఉంటుంది, గట్టిగా తొక్కితే గానీ దిగదు. తొక్కితే పెడల్ సెట్టు గోడ వైపుకు జారిపోతుంది. దాన్ని గోడకు ఆనించి తొక్కితే నేను కూర్చున్న చక్రాల కుర్చీ వెనక్కి పోతుంది. ఒకసారి హెయిర్‌పిన్ మలుపులో బ్రేకు తొక్కి మంచం దాకా పోయాను. కుర్చీని ప్లాస్టిక్ కుర్చీగా మార్చాను. అదీ జారింది. చివరికి గుమ్మం దగ్గరి కొబ్బరి పీచు మ్యాట్ తెచ్చి, సగం పెడల్స్ కింద, సగం కుర్చీ ముందు కాళ్ల కింద పరిచాను. నా బరువే మ్యాట్‌ను అదిమిపెడుతుంది. పళ్లు పీచులో దిగి గట్టిగా పట్టుకున్నాయి. అప్పటి నుంచి మా అమ్మకు గుమ్మంలో మ్యాట్ లేదు, అది వేరే గొడవ.

స్టీరింగ్ బిగించడానికి బల్ల అంచు కూడా మందంగా, గట్టిగా ఉండాలి. గాజు బల్ల మీద అసలు వద్దు. ఎండాకాలంలో ఒంగోలు ఉక్కకు తోలు పట్టుకున్న చేతులు తడిసిపోతాయి, పక్కన తువ్వాలు ఉండాల్సిందే. గేర్ల చప్పుడు రాత్రి పదకొండు దాటాక పక్కగదికి వినిపిస్తుంది. ప్యాడ్‌తో ఈ బాధలేవీ లేవు. మంచం మీద పడుకుని కూడా ఆడొచ్చు.

సరే, ఆదివారం. తమ్ముడు వచ్చేసరికి మా మేనమామ కూడా ఇంట్లో ఉన్నాడు. ఆయన చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ బ్లాకులు తోలే లారీ డ్రైవర్. తమ్ముడు రెండు రేసులు ఆడి, రెండింట్లోనూ ఆఖరున వచ్చి, మొహం వేలాడేసుకుంటే "లెయ్యి, నేను చూస్తా" అని మామ కూర్చున్నాడు. చక్రం 270లో ఉంది. ఆయన లారీ అలవాటున చేయి మీద చేయి వేసి తిప్పాడు. అది టక్కున ఆగింది, కారు వెళ్లి గోడను ముద్దు పెట్టుకుంది. మళ్లీ తిప్పాడు, మళ్లీ గోడ.

"ఏంది అల్లుడూ ఇది, ఈ బండికి బరువే లేదు. ఇట్టా తిప్పితే మా బండి ఈపాటికి బోల్తా పడుండేది" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆర్కేడ్ ఆట గురించి ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు. స్టీరింగ్‌లో మోటార్లు ఉన్నదే బరువు చేతికి తెలియడానికి. ఆటలో బండికి బరువే తక్కువ పెట్టినప్పుడు మోటార్లు మాత్రం ఏం చెప్తాయి? ఊరికే వణుకుతాయి. అందుకు ఇరవై వేలకు పైగా పెట్టాలా అంటే, ఆలోచించాల్సిందే.

"ఆగు మామా" అని చక్రాన్ని మళ్లీ 900కు పెంచి యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 పెట్టాను. ట్రైలర్‌ను వెనక్కి పెట్టి గోడౌన్ గుమ్మానికి ఆనించాలి. నాకు ఎప్పుడూ ఐదారుసార్లు ముందుకూ వెనక్కూ తప్పదు. ఆయన కుర్చీలోనే కుడివైపుకు వాలి, లేని కిటికీలోంచి తల బయట పెట్టినట్టు మెడ సాచి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఒకే విడతలో పెట్టేశాడు. అక్క కొడుకు ఫోన్‌లో బస్ సిమ్యులేటర్ ఇండోనేసియా ఆపేసి వచ్చి మరీ చూశాడు. వాడు అందులో ఆర్టీసీ రంగులేసిన బస్సును తెర మీది బొమ్మ చక్రంతో తోలుతుంటాడు. ఇలాంటి ఆటలు కూడా ఆడేవాళ్లకైతే స్టీరింగ్ డబ్బులు గిట్టుబాటే. రేసులు మాత్రమే ఆడేవాడికి కాదు.

తమ్ముడు మధ్యేమార్గం ఒకటి తెచ్చాడు. ఆరేడు వేలకు దొరికే, మోటార్లు లేని స్టీరింగులు కొంటే? పొట్టి తిరుగుడే కాబట్టి ఆర్కేడ్‌కు పనికొస్తాయి, ఆ మాట నిజం. కానీ వాటిని మధ్యకు లాగేది స్ప్రింగో, రబ్బరు తాడో. బండి జారినా, నిలబడినా చేతికి ఒకటే లాగుడు. నేను మొదట కొన్నది అలాంటిదే. మూడు నెలలకు నడిమిన వదులొచ్చి, నేరుగా పట్టుకుంటే బండి ఎడమకు పోయేది. ఆ డబ్బుతో మంచి ప్యాడ్ వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల సరదాకు కొనండి, మీకు మాత్రం వద్దు. కీబోర్డ్ సంగతి చెప్పడానికేమీ లేదు. మీట నొక్కితే పూర్తిగా తిరుగుతుంది, వదిలితే అసలు తిరగదు. డబ్బులు లేనప్పుడు అందరం దానితోనే మొదలుపెట్టాం.

కొనేముందు ఒకటి చూసుకోవాలి. స్టీరింగ్ అన్నిటికీ పనిచేయదు. జీ29 ప్లేస్టేషన్‌కు, పీసీకి. చూడటానికి అలాగే ఉండే జీ920 ఎక్స్‌బాక్స్‌కు, పీసీకి. కావలిలో నా స్నేహితుడొకడు ఎక్స్‌బాక్స్ పెట్టుకుని, వాడినది అమ్మే ఓ మనిషి "అన్నిటికీ వస్తుంది బ్రదర్" అంటే నమ్మి జీ29 తెచ్చుకున్నాడు. ఇప్పుడది అటక మీద ఉంది. ఆట కూడా స్టీరింగ్‌ను గుర్తుపట్టాలి. స్టోర్ పేజీలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. పీసీ ఆటల్లో చాలావాటికి ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్ తగిలించగానే సరిపోతుంది, స్టీరింగ్‌కు బటన్లన్నీ మనమే కేటాయించుకోవాల్సి రావచ్చు. నా జీ29 మీద త్రిభుజం, చతురస్రం గుర్తులుంటాయి. తెర మీదేమో వై నొక్కు, ఎక్స్ నొక్కు అని వస్తుంది. ఇప్పటికీ తడబడతాను.

సాయంత్రం తమ్ముణ్ణి ఒంగోల్లోనే ఉన్న అద్దంకి బస్టాండ్ వైపు దింపడానికి బండి తీస్తుంటే వాడే అన్నాడు, "ప్యాడే కొంటాలే అన్నా" అని. వారంలో కొన్నాడు. ఆన్‌లైన్‌లో నన్ను ఓడిస్తున్నాడు కూడా. కానీ రెండు వారాలకోసారి ఆదివారం ఏదో ఒక వంక పెట్టుకుని ఒంగోలు వస్తున్నాడు. వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర చూసి, "మ్యాట్ ఏదీ?" అంటాడు. లోపలే ఉందంటే వెళ్లి తనే కుర్చీ ముందు కాళ్లు దాని మీదకి సర్దుకుని కూర్చుంటాడు.